పొలిమేర మూసేలోపు

మోదుగులవాయి నీళ్ల కింద ఉంది. మంజీర మీద సర్కారు పెద్ద కట్ట కట్టినప్పుడు ఊళ్లకు ఊళ్లే లేచిపోయాయి, అందులో అదొకటి. లేచిపోయినవాళ్లు ఎల్లారెడ్డి పక్కన ఒక గుట్ట వాలులో గుడిసెలు వేసుకుని, దానికీ మోదుగులవాయి అనే పేరు పెట్టుకున్నారు. పేరైతే పెట్టుకున్నారు గానీ అది ఊరని వాళ్లకే నమ్మకం కుదరలేదు. నడుమ బొడ్రాయి లేదు మరి. మనిషికి బొడ్డు ఎట్లాగో ఊరికి బొడ్రాయి అట్లాగ. ఆ రాయి పాతనిచోట ఎన్ని ఇండ్లున్నా సంత దిగినట్టే లెక్క. పశువులకు రోగమొచ్చినా, పిల్లలకు జ్వరమొచ్చినా, ఆఖరికి పెళ్లిలో అన్నం మాడినా, "బొడ్రాయి లేని ఊరు, గిట్ల గాక ఎట్లయితది?" అని చేతులు దులుపుకునేవాళ్లు. అంత సులువైన సాకు దొరికాక ఎవరు మాత్రం వదులుకుంటారు? అందుకే ఏడెనిమిదేండ్లు గడిచిపోయాయి.

చివరికి ఆ ఎండాకాలం బైండ్ల సిద్దిరాములు పూనుకున్నాడు. ఊరి అమ్మవార్లందరికీ పూజారి అతనే, గొంతు పెద్దది, కోపం అంతకంటే పెద్దది. బొడ్రాయికి రోజు పెట్టి, ఊరందరినీ కూచోబెట్టి పద్ధతి చెప్పాడు. పెళ్లయిపోయిన ఆడబిడ్డలంతా పుట్టింటికి రావాలి. పొద్దున రాయి నాటాలి. మధ్యాహ్నం దాటాక పొలి చల్లాలి. పొలి అంటే మేక నెత్తురు కలిపిన అన్నం. పడమటి బాట దగ్గర మొదలుపెట్టి, ఊరి పొలిమేర చుట్టూ చల్లుకుంటూ వచ్చి, మళ్లీ ఆ బాట దగ్గరే కలపాలి. కలిసిందా, ఊరు కట్టినట్టు.

"లోపట ఉన్నది మనది. బయట ఉన్నది బయటిదే," అన్నాడు సిద్దిరాములు. "మనిషైనా, గొడ్డైనా, కంటికి కనవడనిదైనా సరే. మల్ల లోపటికి రాలేదు."

పొలి గంప ఎత్తుకోవడం మైసన్న ఇంటి హక్కు. తాత ఎత్తాడు, తండ్రి ఎత్తాడు, ఇప్పుడతని వంతు. గంప ఎత్తినవాడు నడుమ ఆగకూడదు, నోరు విప్పకూడదు. ఆగితే పొలిమేర బయట తిరిగే పీడంతా వాడి మీదే పడుతుందని చెబుతారు. అలా ఆగినవాడెవడో నెత్తురు కక్కుకున్నాడని కూడా చెబుతారు, చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

అందరూ సంబరంగా ఇండ్లకు పోయారు. మైసన్న భార్య లింగవ్వ మాత్రం కూచున్నచోటు నుంచి లేవలేదు. సిద్దిరాములు చెప్పినదాంట్లో ఆమె చెవికి ఒక్క ముక్కే ఎక్కింది. కంటికి కనబడనిదైనా మళ్లీ లోపలికి రాలేదట. మరి ఈరి?

ఈరి అంటే ఈరవ్వ, వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ. ఊరు లేవడానికి ముందటి చలికాలంలో తట్టు పోసి చనిపోయింది. మూడేళ్ల పిల్ల. తల్లి కొంగు చివర గుప్పిట్లో పట్టుకుని ఇల్లంతా, వాడంతా తిరిగేది. లింగవ్వ నీళ్లకు పోతే నీళ్లకు, కట్టెలకు పోతే కట్టెలకు. కొంగు గుంజినట్టయితే పిల్ల ఉన్నట్టు, అంతే, వెనక్కి చూసే పని కూడా ఉండేది కాదు. కుంటగట్టు కింద పూడ్చిపెట్టి వస్తుంటే ముసలమ్మలు లింగవ్వను రెండు పక్కలా రెక్కలు పట్టుకుని నడిపించారు. "ఎనుకకు సూడకు బిడ్డ. సూస్తె సచ్చినోళ్లు ఎంబడొస్తరు" అన్నారు. లింగవ్వ చూడలేదు. చెప్పిన మాట విన్నదని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పును ఏం చేసుకోవాలో ఆమెకు ఇప్పటికీ తెలియదు. పిల్ల వెనకాలే వచ్చి ఉంటుంది, అవ్వ ఒక్కసారి తిరిగి చూస్తుందని చూసి ఉంటుంది, చూడకపోయేసరికి అలిగి అక్కడే కూచుండిపోయి ఉంటుంది. వస్తే రానీయవలసింది కదా, తన బిడ్డే కదా. ఇన్నేళ్లుగా లింగవ్వను వదలని బాధ ఇదే.

పెద్దవాళ్లు చనిపోతే దినాలుంటాయి, పెద్దల్లో కలుపుకుంటారు, పండుగకు పేరు పెట్టి పిలిచి బువ్వ పెడతారు. పాలపళ్ల పిల్లకు అవేమీ లేవు. ఊరు లేచేటప్పుడు పోచమ్మను కుండలోకి పిలిచి, నెత్తిన పెట్టుకుని డప్పులతో తెచ్చుకున్నారు. మైసమ్మను తెచ్చుకున్నారు. ఈరిని రమ్మన్నవాళ్లు ఒక్కరూ లేరు. తర్వాత నీళ్లొచ్చాయి.

ఆ దిగులుతోనో, ఎండ దెబ్బకో, లింగవ్వకు జ్వరం పట్టుకుని వదల్లేదు. మైసన్న బండి కట్టుకుని కామారెడ్డికి తీసుకుపోయి మిషనోళ్ల దవాఖానలో పడేశాడు. అక్కడ లింగవ్వ చెల్లెలు మరియ ఆయా పని చేస్తుంది. బాప్తిస్మం కాకముందు ఆమె మల్లవ్వ. పేరు మారింది గానీ వాగుడు మారలేదు. మధ్యాహ్నాలు రోగులు నిద్రపోయే వేళ అక్కడి తెల్ల దొరసాని దూది చుట్టుకుంటూ, దేశదేశాల్లో ఎనకటి మనుషులు కొలిచిన దేవుళ్ల కథలు చెప్పేదట. మరియ వాటికి తన వంతు ఉప్పూకారం చల్లి అక్కకు చెప్పేది. జ్వరంలో లింగవ్వకు తెల్లటి గోడలు కరిగి కదులుతున్నట్టుండేవి. ఎక్కడో రైలు కూసేది. ఆ కూతలోంచి, మందుల వాసనలోంచి ఆ దేశాలు ఒక్కొక్కటే నడిచొచ్చి మంచం పక్కన నిలబడేవి.

ఇసుక దేశం ఒకటి, నడుమ పెద్ద ఏరు. అక్కడ మనిషి చనిపోతే గుండెకాయ తీసి తరాజులో పెడతారు, అటువైపు పక్షి ఈక పెడతారు. ఈక కంటే బరువుంటే ఇక అంతే.

"నాది పెడితె తరాజే ఇరుగుతది," అంది లింగవ్వ కళ్లు మూసుకునే.

మంచు దేశం ఇంకొకటి. అక్కడ అందరికీ ఇష్టమైన కుర్ర దేవుడు చనిపోతే, వాళ్లమ్మ లోకమంతా తిరిగి చెట్టునూ రాయినీ ఇనుమునూ బతిమాలిందట, నా కొడుకు కోసం ఒక్క చుక్క ఏడ్వండి, అందరూ ఏడిస్తే వాణ్ని పంపిస్తరట అని. రాళ్లు ఏడ్చాయి. ఇనుము ఏడ్చింది. ఒక గుహలో ముసలమ్మ మాత్రం ఏడ్వనంది. ఆ ఒక్కదాని వల్ల పిల్లవాడు రాలేదు.

"దాని నోట్ల మన్నువడ," అని లింగవ్వ ఆ ముసలమ్మను చాలాసేపు తిట్టింది. ఊళ్లో తనకు నచ్చని ఆడవాళ్లందరి ముఖాలూ ఆ గుహలో కనబడ్డాయి.

మూడో కథ విన్న రోజు జ్వరం తగ్గుముఖం పట్టింది.

"ఒక పాటగాడు ఉండెనట," అంది మరియ. "తీగ మీటితె రాళ్లు గూడ కదిలేవట. పెండ్లైన కొత్తల్నే పెండ్లాన్ని పాము కరిచింది. ఈయన ఊకుంటడా? భూమి కిందికి, సచ్చినోళ్ల రాజు తానికి పోయి పాట పాడిండు. రాజు మనసు కరిగింది. తోల్కపో అన్నడు. గాని ఒక్క షరతు. నువ్వు ముందు నడువు, ఆమె ఎనుక వస్తది, ఎలుగుల పడేదాంక తిరిగి సూడొద్దు."

"సూసిండా?"

"సూసిండు. వస్తుందో లేదో అని పాణం ఆగక, ఆఖరికి కడప కాడ సూసిండు. పొగ లెక్క పాయె."

లింగవ్వ లేచి కూచుంది. "గదేందే! సూస్తె పోతదా? సూస్తె ఎంబడొస్తరని గద మనోళ్లు అంటరు?"

"ఉత్త కథలక్కా. గిప్పుడు ఆ దేశపోళ్లే నమ్ముతలేరు. నీ మనసుల ఏమున్నదో నాకెరుక. మన ఈరి ప్రభువు ఒళ్లె సల్లగున్నది."

"ఉంటె మంచిదే. గాని పొట్ట మీద చెయ్యేస్తెనే అది నిద్రపోతది. గా సంగతి గాయనకెవరు జెప్పిండ్రు?"

మరియ అక్క చేయి పట్టుకుని కూచుంది. కాసేపటికి ఇద్దరూ ఏడ్చారు.

బొడ్రాయి ముందటి రోజు అక్కాచెల్లెళ్లు బండిలో మోదుగులవాయి చేరారు. కిరస్తానమామె రావచ్చునా అని ఒకరిద్దరు గొణిగారు. ఆడబిడ్డ ఏ దేవుణ్ణి మొక్కితే ఏంది, ఈ ఊరి బొడ్డు తెగిన పిల్లే గదా అని సిద్దిరాములే వాళ్ల నోరు మూయించాడు. సాయంత్రం లింగవ్వ మొగుడి ముందు అన్నం పెట్టి, ఎదురుగా కూచుని మనసులో మాట చెప్పింది. ఎండలకు కట్ట నీళ్లు బాగా తీశాయి, పాత ఊరి గోడలు తేలాయి, పోయి పిల్లను పిలుచుకొస్తానని.

మైసన్న ముద్ద కలుపుతున్న చేయి ఆగింది.

"పొలి కలిసెటాళ్లకు నువ్వు బయటుంటె నువ్వు గూడ బయటిదానివే అయితవు. నేను ఆగలేను, నిన్ను పిలువలేను. ఎరుకేనా?"

"ఎరుకే."

"పోకు లింగా. నీళ్లల్ల ఏమున్నది? మట్టి."

"మట్టైనా నా బిడ్డే."

అతను అన్నం ముందు నుంచి లేచి పోయాడు.

పొద్దున రాయి నాటారు. పసుపునీళ్లు, డప్పులు, పూనకాలు, పిల్లల గోల. ఊరంతా తినడానికి కూచున్నప్పుడు లింగవ్వ పడమటి బాట పట్టింది. చివరి గుడిసె దగ్గర మరియ ఎదురైంది. ఆపుతుందనుకుంది. మరియ ఆపలేదు. తన తలమీది చెంగు సరిచేసుకుని, "బిరాన రా అక్కా. నేనీడనే ఉంట" అంది.

ఎండ తెల్లగా కాస్తోంది. గుట్ట దిగి నీళ్లు తీసిన నేలమీద కాలు పెట్టగానే చప్పుళ్లన్నీ వెనకబడిపోయాయి. పగుళ్లు విచ్చిన రేగడి, దాంట్లో తెల్లటి నత్తగుల్లలు. దూరాన ఎండమావి పారుతోంది. ఆ లేని నీళ్లలో పాత ఊరు నిలువుగా నిలబడి కనిపించింది, కప్పులతో, గుమ్మాలతో, ఎవరో ఎసరు పెట్టినట్టు పొగతో సహా. దగ్గరికి పోయేకొద్దీ ఇండ్లు ఒంగి, కుంగి, మోకాలెత్తు గోడలైపోయాయి. ఇది సాయవ్వ ఇల్లు. ఇది కమ్మరోళ్ల కొలిమి. ఇక్కడ తను ఒకసారి జారిపడింది, పిల్ల నవ్వింది. పేరుపేరునా పలకరించుకుంటూ నడిచింది. ఎవరో దంచుతున్న చప్పుడు వినిపించింది. తన గుండేనేమో.

కుంటగట్టు కోసం వెతికింది. లేదు. ఒండ్రు కప్పేసి నేలంతా ఒక్కలాగే ఉంది. ఎక్కడని పిలవాలి? ఇంతదూరం వచ్చి బిడ్డ ఎక్కడుందో తెలియని తల్లినైతినే అని తనను తానే తిట్టుకుంది. అప్పుడు ఒండ్రులోంచి జానెడు పైకి తేలిన గుండ్రటి రాయి కంటపడింది. పాత బొడ్రాయి. తప్పిపోయిన పిల్లలు ఊరి నడుమకే వస్తారు, ఎవరో ఒకరు చూసి ఇంటికి చేరుస్తారని. లింగవ్వ దాని పక్కన కూలబడి నెమ్మదిగా పిలిచింది.

"ఈరీ. నేనే బిడ్డ. అవ్వను. ఇంటికి పోదాం రా."

గాలి లేదు, పిట్ట లేదు. చాలాసేపు అలాగే ఉంది. ఎండ తలలోకి దిగి కళ్లు బరువెక్కాయి. నిద్రపట్టిందో లేదో ఆమెకే తెలియదు. లేచి రెండడుగులు వేసేసరికి కొంగు చివర గుంజినట్టయింది. ముల్లు అనుకునేవాళ్లు ముల్లే అనుకోవచ్చు. లింగవ్వకు ఒళ్లంతా పులకరించింది.

తిరిగి చూడలేదు. పాటగాడు చేసిన తప్పు తను చేయదలచుకోలేదు. ముందుకు నడుస్తూ మాట్లాడింది. కొత్త ఇల్లు గుట్ట మీద ఉన్నదే, నీళ్లు రావు. బాపు నెరిసిండు, చూసి నవ్వకు. ఎర్రావుకు దూడ పుట్టింది, నీలెక్కనే ఒక్కచోట నిలువది. మాట్లాడుతుంటే కొంగు బరువుగానే ఉంది. నేల ఎక్కుతున్నా అలుపు లేదు. ఇంత సుఖం ఆమెకు ఈమధ్య ఎప్పుడూ లేదు.

సగం దూరం వచ్చాక కొంగు తేలికైంది.

లింగవ్వ నిలబడిపోయింది. ఆనాడూ ఇట్లాగే కదా జరిగింది! తను చూడలేదు, పిల్ల ఆగిపోయింది. ఇప్పుడూ చూడకపోతే మళ్లీ అలిగి కూచుంటుంది. చూస్తేనే వెంట వస్తారని ముసలమ్మలు చెప్పారు. మరి చూస్తే పొగలాగా పోతుందని ఆ దేశపోళ్లు చెప్పారే? ముసలమ్మల మాట నిజమా, పాటగాడి కథ నిజమా? ఈ చావు కట్టడలు చేసిన దేవుళ్లు ఎవరైనా గానీ, అందరూ ఒకచోట కూచుని ఒక్కమాట అనుకుని ఉంటే వాళ్ల సొమ్మేం పోయేది? లింగవ్వకు ఒళ్లు మండింది. ఏడుపొచ్చింది. ఊరివైపు నుంచి డప్పులు మొదలయ్యాయి. మైసన్న గంప ఎత్తుకున్నాడు.

ఏడుస్తూనే ఆమె ఒక పని చేసింది. కళ్లు గట్టిగా మూసుకుని మనిషి మొత్తం పడమటికి తిరిగింది. తర్వాత కళ్లు తెరిచి, వీపు ఊరివైపు పెట్టి, వెనకడుగులతో నడవడం మొదలుపెట్టింది. ఇప్పుడామె వెనక్కి చూడటం లేదు. ముందుకే చూస్తోంది. పిల్ల ఉంటే ఎదురుగానే ఉంటుంది, అవ్వ ముఖం దానికి కనబడుతుంది, ఇక అలగదు. ఏ దేశం రాజు వచ్చి అడిగినా చెప్పడానికి తన దగ్గర జవాబుంది.

ఎదురుగా ఏమీ లేదు. ఎండ, దుమ్ము, వాలుతున్న పొద్దు. లింగవ్వ రెండు చేతులూ చాపి, నడక నేర్పేటప్పుడు చాపినట్టు, "రా, రా, గట్లనే" అంటూ నడిచింది. వెనకడుగు నడక చాలా నెమ్మది. రాళ్లు తగిలాయి. వెల్లకిలా పడింది, లేచింది, మళ్లీ పడింది. మోచేయి చీరుకుపోయింది. డప్పులు ఊరి అటువైపుకు పోయి సన్నబడ్డాయి, చుట్టు తిరిగి మళ్లీ దగ్గరయ్యాయి. అందుకోలేనేమోనని భయమేసింది. తిరిగి పరిగెత్తితే తనొక్కతే అందుకోగలదు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకు సిగ్గేసింది. చేతులు దించలేదు.

డప్పులు ఇప్పుడు వీపు వెనకే మోగుతున్నాయి. మరియ గొంతు వినబడింది, ఏడుస్తూ పిలుస్తోంది. "అక్కా, ఒచ్చిండ్రే, కలుపుతుండ్రే!" సిద్దిరాములు కేకలు పెడుతున్నాడు. "ఎవలది? గదేం నడకే? మైసా, ఆగకు, ఆగొద్దు!" ఉడుకు నెత్తురు వాసన ముక్కుకు తగిలింది.

డప్పులు ఆగిపోయాయి.

ఎందుకాగాయో లింగవ్వకు వెంటనే అర్థం కాలేదు. వెనక్కి ఇంకో అడుగు, ఇంకో అడుగు వేసింది. ఆమె వెనక్కి దాటిపోతుంటే, పక్కన నిలబడ్డ మైసన్న మెల్లగా ఆమె కళ్లముందుకు వచ్చాడు. ఒళ్లంతా పసుపు, చంకలో గంప, మోచేతి దాకా ఎరుపు. అటు పడ్డ మెతుకులకూ ఇటు పడ్డ మెతుకులకూ నడుమ ఒక మనిషి పట్టేంత సందు. ఆ సందు దగ్గర అతను కదలకుండా నిలబడి ఉన్నాడు. ఆగిపోయాడు.

"దాటింది, దాటింది!" సిద్దిరాములు గొంతు భయంతో చీలిపోయింది. "నీ పెండ్లాం లోపటికొచ్చింది! సల్లు మైసా, సల్లరా, సస్తవు!"

మైసన్న చల్లలేదు. అతను లింగవ్వను చూడటం లేదు. ఆమె చూస్తున్నవైపే, ఖాళీగా ఉన్న బాటనే చూస్తున్నాడు.

"జర ఆగుండ్రి," అన్నాడు. "చిన్న కాళ్లు. పిల్లది నడిచి రావద్దా?"

బాటకు అడ్డంగా నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే పక్కకు జరిగారు.